కడపటి మనిషి కథ చెప్పిన మేరీ షెల్లీ

షెల్లీ మహాకవి పేరు తెలుగు పాఠకులకు కొత్తది కాదు. భావకవితాయుగంలో మన యువకవులు ఆ కవి గీతాలను మననం చేసినారు. దేవులపల్లి కృష్ణశాస్త్రిగారిని ఆంధ్ర షెల్లీ అని ప్రేమతో పిలుచుకొన్నాము. కాని ఆ ఆంగ్లకవి ఇరవైతొమ్మిదేండ్ల వయస్సులో సముద్రం పాలైననాడు అతని కవితలలో ఎన్నో అచ్చుమొగం చూడక చిత్తుకాగితాలలో, కొట్టివేతల నడుమ ఉండిపోయినవి. వాటిని ఏరి, కూర్చి, శుద్ధప్రతులు వ్రాసి లోకానికి అందించినది అతని భార్య మేరీ. ఆమెను నేటి లోకం ‘ఫ్రాంకెన్‌స్టయిన్’ నవలా రచయిత్రిగా ఎరుగును. ఆ నవల వెలువడిన ఎనిమిదేండ్లకు, 1826లో, మానవజాతి యావత్తూ నశించి ఒకే ఒక్కడు మిగిలిన కథను ఆమె వ్రాసినది. దాని పేరు ‘ది లాస్ట్ మ్యాన్’, అనగా కడపటి మనిషి. లోకాంతాన్ని గూర్చిన వైజ్ఞానిక కల్పనల పుట్టుకను వెదకేవారు ఆ గ్రంథం దగ్గర ఒక్కక్షణమైనా ఆగక తప్పదు. ఆ ఊహ ఆమెకు ఎక్కడినుండి వచ్చినదో తెలియాలంటే ముందు ఆమె బ్రతుకు తెలియాలి.

1797 ఆగస్టు 30వ తేదీన లండనులో మేరీ జన్మించినది. తల్లి మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్, స్త్రీల హక్కులను సమర్థిస్తూ 1792లో ప్రసిద్ధ గ్రంథం వ్రాసిన ధీరురాలు. తండ్రి విలియం గాడ్విన్, రాజకీయ న్యాయాన్ని గూర్చి 1793లో వ్రాసిన గ్రంథంతో యువతరాన్ని ఉర్రూతలూగించిన తాత్త్వికుడు. బిడ్డ పుట్టిన పదకొండవనాడు తల్లి సూతికాజ్వరంతో కన్నుమూసినది. తన పుట్టుకే తల్లి చావుకు కారణమైనదన్న భావం మేరీని చిన్ననాటినుండి వెంటాడినది. సెయింట్ పాంక్రాస్ శ్మశానంలో తల్లి సమాధిఫలకంపై చెక్కిన పేరును వ్రేలితో దిద్ది ఆమె అక్షరాలు నేర్చుకొన్నదని చెప్పుతారు. తల్లిపేరు, కూతురిపేరు ఒక్కటే గనుక, ఆ పిల్ల మొట్టమొదట చదివినది సమాధిపై తన పేరే అనుకోవాలి.

గాడ్విన్ 1801లో మరల వివాహం చేసికొన్నాడు. సవతితల్లితో మేరీకి పొసగలేదు. కాని ఆ ఇంటికి కవులు, తత్త్వవేత్తలు వస్తూ ఉండేవారు. కోల్‌రిజ్ మహాకవి ఒక రాత్రి తన ముసలి నావికుని గాథను స్వయంగా చదివి వినిపించగా, నిద్రపోవలసిన పిల్లలు సోఫా వెనుక నక్కి విన్నారట. అందరూ చనిపోగా ఒక్కడే మిగిలి, తన కథను కనబడినవారికెల్ల చెప్పుకొని తిరిగే ఆ నావికుడు మేరీ మనస్సులో కడదాకా నిలిచిపోయినాడు.

గాడ్విన్ శిష్యుడుగా ఆ ఇంటికి వచ్చినవాడు పెర్సీ షెల్లీ. అప్పటికే వివాహితుడు, ఒక బిడ్డకు తండ్రి. మేరీకి పదహారేండ్లు. తల్లి సమాధి దగ్గరనే వారి అనురాగం పెరిగినది. 1814 జూలై 28న ఇరువురూ ఇల్లు విడిచి ఫ్రాన్సుకు వెళ్ళిపోయినారు. మేరీ సవతి చెల్లెలు క్లేర్ కూడ వారి వెంట వెళ్ళినది. వివాహబంధమే అనవసరమని గ్రంథాలలో వ్రాసిన గాడ్విన్ కూతురి ముఖం చూడ నిరాకరించినాడు. మరుసటి సంవత్సరం ఫిబ్రవరిలో నెలలు నిండకముందే మేరీకి ఒక ఆడపిల్ల పుట్టి, రెండు వారాలలోపల పోయినది. చనిపోయిన ఆ పాపను నిప్పు దగ్గర కాచి ఒళ్ళు రుద్దగా మరల ప్రాణం వచ్చినట్లు ఆమెకు కల వచ్చినదట. ఆ కలను ఆమె దినచర్య పుస్తకంలో వ్రాసుకొన్నది. ఫ్రాంకెన్‌స్టయిన్ కథకు అంకురం ఇక్కడ ఉన్నదని విమర్శకులు కొందరు ఊహించడంలో ఆశ్చర్యం లేదు.

1816 వేసవి సాహిత్యచరిత్రలో ప్రసిద్ధమైనది. అంతకు ముందటి సంవత్సరం ఏప్రిల్‌లో తూర్పుదీవులలోని తంబోరా అగ్నిపర్వతం బ్రద్దలై, దాని ధూళి భూమండలమంతటా వ్యాపించినది. యూరపులో ఆ సంవత్సరం వేసవియే రాలేదు. ఎడతెగని వానలు, చలి, పంటనష్టం, ఆకలి. కారణం ఆనాడు ఎవ్వరికీ తెలియదు. సూర్యునిపై మచ్చలు కనబడుతున్నవనీ, జూలై 18న సూర్యుడు ఆరిపోయి లోకం అంతమగుననీ ఇటలీలో ఒక జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు చెప్పినాడన్న వదంతి దేశదేశాలకు ప్రాకినది. ఆ రోజులలోనే మేరీ, షెల్లీ, క్లేర్, బైరన్ కవి, అతని వైద్యుడు పాలిడోరీ జెనీవా సరస్సు తీరాన కలిసికొన్నారు. వానకు ఇల్లు కదలలేక దయ్యాల కథలు చదువుకొని, తామూ తలా ఒక కథ వ్రాయాలని పందెం వేసికొన్నారు. సూర్యుడు ఆరిపోయిన లోకాన్ని గూర్చి బైరన్ ‘డార్క్‌నెస్’ అనే కవిత వ్రాసినాడు. పద్దెనిమిదేండ్ల మేరీ ‘ఫ్రాంకెన్‌స్టయిన్’ ప్రారంభించినది. లోకాంతం అనే మాట అప్పటికి ఆమెకు ఒక వాన రాత్రి సంభాషణ మాత్రమే.

తరువాతి ఆరేండ్లు ఆ మాటకు అర్థం చెప్పినవి. 1816 అక్టోబరులో మేరీ అక్క ఫానీ విషం త్రాగి మరణించినది. డిసెంబరులో షెల్లీ మొదటి భార్య హారియట్ శవం లండనులోని సర్పెంటైన్ సరస్సులో తేలినది. ఆ నెలాఖరున మేరీ షెల్లీలకు వివాహం జరిగినది. 1818 జనవరి 1న ‘ఫ్రాంకెన్‌స్టయిన్’ రచయిత పేరు లేకుండ, 500 ప్రతులుగా వెలువడినది. వ్రాసినది షెల్లీయే అని చాలమంది అనుకొన్నారు. ఆ సంవత్సరమే దంపతులు బిడ్డలతో ఇటలీకి తరలిపోయినారు. సెప్టెంబరులో వెనిస్ నగరంలో ఏడాది బిడ్డ క్లారా పోయినది. 1819 జూన్ 7న రోములో మూడున్నర ఏండ్ల విలియం జ్వరంతో పోయినాడు. ముగ్గురు బిడ్డలను కని ముగ్గురినీ పోగొట్టుకొన్ననాటికి మేరీకి ఇరవైరెండేండ్లు నిండలేదు. ఆ నవంబరులో ఫ్లారెన్సులో పుట్టిన పెర్సీ ఫ్లారెన్స్ ఒక్కడే ఆమెకు దక్కిన సంతానం.

1822 జూలై 8న షెల్లీ తన మిత్రుడు విలియమ్సుతోను, ఒక పడవ కుర్రవానితోను లెగ్‌హార్న్ రేవునుండి చిన్న తెరచాప పడవలో ఇంటికి బయలుదేరినాడు. గాలివాన వచ్చినది. ముగ్గురూ మునిగిపోయినారు. పది రోజుల తరువాత ఒడ్డుకు కొట్టుకొని వచ్చిన శవాన్ని, చొక్కాయి జేబులో ఉన్న కీట్స్ కవితాసంపుటిని బట్టి షెల్లీదని గుర్తించినారు. ఆగస్టు 16న వియరెజ్జో దగ్గర ఇసుకతిన్నెలపై దహనం జరిగినది. గుండె మాత్రం కాలలేదని అక్కడ ఉన్నవారు చెప్పినారు. అది చివరకు మేరీకి చేరినది.

ఇరవైఅయిదేండ్ల వితంతువు, చేతిలో రెండేండ్ల పసివాడు. ఆదాయం లేదు. షెల్లీ తండ్రి సర్ తిమోతి ధనికుడైన భూస్వామి. కొడుకును చెరచినది ఈమెయే అని అతని నమ్మకం. మనుమణ్ణి తాను నియమించిన సంరక్షకునికి అప్పగించితే పోషిస్తానని కబురు చేసినాడు. మేరీ ససేమిరా అన్నది. 1823లో లండను చేరి, ఏడాదికి 100 పౌనుల భృతితో కాపురం పెట్టినది. మరుసటి ఏడాది ఆమె భర్త మరణానంతర కవితలను ప్రచురించగా సర్ తిమోతి మండిపడినాడు. అమ్ముడుపోగా మిగిలిన ప్రతులను వెనుకకు తీసికోవలసి వచ్చినది. తాను బ్రతికియుండగా షెల్లీ రచనలు గాని, జీవితచరిత్ర గాని మేరీ ప్రచురించరాదనీ, షెల్లీ అన్న పేరు జనం నోట వినబడరాదనీ మామగారి శాసనం. ధిక్కరించితే భృతి ఆగిపోవును. భర్త స్మృతికీ బిడ్డ అన్నానికీ నడుమ ఆమెను నిలబెట్టిన శాసనమది.

1824 మే 14న, తాను ప్రేమించిన జాతిలో తానొక్కతెయే శేషించినట్లున్నదనీ, కడపటి మనిషి ఒంటరితనం ఎట్టిదో తనకు చక్కగా తెలుసుననీ ఆమె దినచర్యలో వ్రాసుకొన్నది. మరునాడే వార్త వచ్చినది: ఏప్రిల్ 19న గ్రీసు దేశంలో బైరన్ మరణించినాడు. జెనీవా సరస్సు తీరాన కథల పందెం వేసికొన్న ఐదుగురిలో పాలిడోరీ 1821లోనే పోయినాడు. షెల్లీ లేడు. ఇప్పుడు బైరన్ లేడు. క్లేర్ దూరాన రష్యా దేశంలో పిల్లలకు చదువు చెప్పుకొని బ్రతుకుతున్నది. జూలైలో బైరన్ శవవాహనం హైగేట్ కొండమీదుగా పోతూండగా మేరీ తన కిటికీలోనుండి చూచినది. ఆమె అప్పటికే కడపటి మనిషి కథ వ్రాయుచున్నది.

ఆ కథకు పీఠిక విచిత్రమైనది. 1818లో నేపుల్స్ దగ్గర సిబిల్ అనే పురాతన ప్రవక్త్రి గుహలో ఇరువురు యాత్రికులకు ఆకులమీద వ్రాసిన భవిష్యవాణి దొరికినదనీ, ఆ ఇరువురిలో ఒకరు పోగా మిగిలినవారు ఆ ఆకులను కూర్చి కథగా వ్రాసినారనీ రచయిత్రి చెప్పుతుంది. మేరీ షెల్లీ దంపతులు 1818 డిసెంబరులో నిజంగా ఆ ప్రాంతాన్ని చూచినవారే. పోయిన తోడు ఎవరో, చెదరిన ఆకులు ఏవో చెప్పనక్కరలేదు.

కథ జరిగేది ఇరవైయొకటవ శతాబ్దం చివర. ఇంగ్లండులో రాజు సింహాసనం విడిచినాడు, రాజ్యం ప్రజాస్వామికమైనది. జనం గాలిబెలూనులలో ప్రయాణిస్తారు. కథ చెప్పే లయొనెల్ వెర్నీ గొఱ్ఱెలకాపరిగా పెరిగినవాడు. అతనికి చదువు, సంస్కారం ప్రసాదించినవాడు మాజీ రాజు కొడుకు ఏడ్రియన్, స్వప్నశీలి, సర్వభూతదయాపరుడు. ఇతడు షెల్లీ అని వేరుగా చెప్పాలా? రేమండ్ ప్రభువు తేజస్వి, చంచలుడు, గ్రీకుల స్వాతంత్ర్యంకోసం కత్తిపట్టి కాన్‌స్టాంటినోపిల్ ద్వారం దగ్గర ప్రాణం విడుస్తాడు. అతడు బైరన్. జీవితచరిత్ర వ్రాయరాదని శాసించినవారికి మేరీ ఇచ్చిన జవాబు ఇది. భర్తను, మిత్రుణ్ణి మూడు శతాబ్దాల ముందుకు నడిపించి, మారుపేర్లతో బ్రతికించినది.

రేమండ్ చనిపోయిన ఆ నగరంలోనే మహామారి తలయెత్తుతుంది. అది అంటువ్యాధియో, గాలిలోని విషమో వైద్యులకు అంతుపట్టదు. చలికాలంలో అణగి, వేసవిలో విజృంభిస్తుంది. దేశాలు ఒకదానివెంట ఒకటి శూన్యమవుతాయి. ఇంగ్లండుకు శరణార్థులు వెల్లువలా వస్తారు. ప్రభువులు తమ ఉద్యానవనాలను దున్ని ధాన్యం పండిస్తారు. దేశాన్ని రక్షించవలసిన అధినాయకుడు ముందుగా పారిపోతాడు. ఏడ్రియన్ ఆ భారం మోస్తాడు. కత్తులు దూసిన మూకల నడుమకు వెళ్ళి మాటలతో శాంతింపజేస్తాడు. పారిస్‌లో ఒక కపటప్రవక్త తన్ను నమ్మినవారికి చావు లేదని చెప్పి జనాన్ని మోసగిస్తాడు. చెట్లు మాత్రం చిగురిస్తూనే ఉంటాయి, పక్షులు పాడుతూనే ఉంటాయి. మనిషి పోయినందుకు ప్రకృతి ఒక్క కన్నీటిచుక్క రాల్చదు. ఆ నవలలో అన్నిటికంటె భయంకరమైన విషయం నాకిదే అనిపించినది.

ఇంతకు పూర్వం ఇటువంటి కథ లేకపోలేదు. ఫ్రాన్సులో గ్రెన్‌విల్ అనే రచయిత 1805లోనే కడపటి మనిషిని గూర్చి వ్రాసినాడు; 1823లో కేంబెల్ కవి అదే పేరుతో కవిత వెలువరించినాడు. మహామారి కూడ ఆనాటివారికి ఊహ కాదు. 1817లో మన బెంగాలులో చెలరేగిన కలరా చెన్నపట్నపు సీమనూ వదలక, ఆసియా అంతటా వ్యాపించి రష్యా సరిహద్దులు త్రొక్కినది. మేరీ కొత్తగా తెచ్చినది మరొకటి ఉన్నది. ఇతరులు లోకం ఎట్లు నశించునో వర్ణించినారు. ఆమె మిగిలినవాని మనస్సులో కూర్చుండి వ్రాసినది.

ఆల్ప్స్ పర్వతాలు దాటేసరికి నలుగురే మిగులుతారు. లయొనెల్ చిన్నకొడుకు జ్వరంతో పోతాడు. ఏడ్రియన్, రేమండ్ కూతురు క్లారా, లయొనెల్ గ్రీసుకు పడవలో బయలుదేరగా గాలివాన వచ్చి పడవ మునుగుతుంది. షెల్లీ పోయిన విధంగానే ఏడ్రియన్ పోయినాడు. ఆ బాలికకు మేరీ తన చనిపోయిన బిడ్డ పేరు పెట్టినదని పాఠకులు గమనించాలి. లయొనెల్ ఒక్కడే ఈది ఒడ్డు చేరుతాడు. ఎవరైనా మిగిలియుంటే రమ్మని, దారిలోని ప్రతి ఊరిలో తెల్లరంగుతో మూడు భాషలలో తన పేరు వ్రాసి రోముకు నడుస్తాడు. ఎవ్వరూ రారు. ఒక గొఱ్ఱెలకాపరి కుక్క మాత్రం తోడవుతుంది. రోములో ఒక పండితుని గదిలో సగం వ్రాసిన గ్రంథం, భావితరాలకు అంకితమని మొదలుపెట్టి ముగించని పుట అతని కంటబడతాయి. భావితరాలు లేవని అతనికి తెలుసు. అయినా కలం పట్టి మానవజాతి అంత్యచరిత్ర వ్రాసి, చనిపోయినవారికి దానిని అంకితం చేస్తాడు. చివరకు హోమరు, షేక్‌స్పియరు గ్రంథాలు పెట్టుకొని కుక్కతో పడవ ఎక్కుతాడు.

మన పురాణాలలో ప్రళయం కొత్తది కాదు. కాని సత్యవ్రతుని నావలో బీజాలున్నవి, సప్తర్షులున్నారు. ఏకార్ణవంలో ఒంటరిగా తిరిగిన మార్కండేయునికి మఱ్ఱియాకు మీద శిశువు కనబడినాడు. మన ప్రళయం మరొక సృష్టికి పూర్వరంగం. లయొనెల్ నావలో బీజం లేదు, ఆకుమీద శిశువు లేడు. ఉన్నవి పుస్తకాలు. దైవం హామీ ఇవ్వని చోట మనిషి చేయగలిగినది జ్ఞాపకం పెట్టుకోవడమే అని ఆ పుత్రశోకాతురురాలు చెప్పినట్లున్నది. ఆ నిరాశలోని నిజాయితీని మనం గౌరవించక తప్పదు.

నవల మూడు సంపుటాలుగా వెలువడినది. ప్రకాశకుడు 300 పౌనులు ఇచ్చినాడు. విమర్శకులు కనికరించలేదు. రోగిష్ఠి ఊహ అన్నారు, క్రూరమన్నారు. కడపటి స్త్రీని గూర్చి వ్రాసి ఉంటే, మాట్లాడడానికి ఎవ్వరూ లేని దుఃఖాన్ని బాగా వర్ణించగలిగేది కదా అని ఒక పత్రిక పరిహసించినది. పుస్తకం మీద ఆమె పేరు లేదు. ‘ఫ్రాంకెన్‌స్టయిన్’ గ్రంథకర్త అని మాత్రమే ఉన్నది. అయినా సమీక్షలలో షెల్లీ పేరు కనబడినదన్న కోపంతో సర్ తిమోతి భృతి నిలిపివేసినాడు. మిగిలినవాని కథ చెప్పినందుకు మిగిలినదానికి శిక్ష పడినది. ఆ సెప్టెంబరులో హారియట్ కొడుకు చార్లెస్ క్షయతో చనిపోగా, మేరీ కొడుకు ఆ వంశానికి వారసుడైనాడు. భృతి తిరిగి వచ్చినది. అదియూ ఒక పసివాని మరణం మీదుగానే వచ్చినది.

ఆ తరువాత ఇరవైఅయిదేండ్లు ఆమె వ్రాస్తూనే బ్రతికినది. నవలలు, కథలు, విజ్ఞానసర్వస్వానికి యూరపు రచయితల జీవితాలు వ్రాసినది. 1831లో ‘ఫ్రాంకెన్‌స్టయిన్’ను సంస్కరించి, జెనీవా తీరపు కథను పీఠికగా చేర్చినది. కొడుకును హారోలోను, కేంబ్రిడ్జిలోను చదివించినది. వృద్ధుడైన మామగారు కొంత సడలి, జీవితచరిత్ర చేర్చరాదన్న నిబంధనతో షెల్లీ కవితల ప్రచురణకు సమ్మతించగా, 1839లో నాలుగు సంపుటాలు తెచ్చినది. చరిత్ర వ్రాయరాదు గనుక కవితలకు వివరణలు వ్రాసినది. ఏ కవిత ఏ కొండదారిలో, ఏ దుఃఖంలో పుట్టినదో చెప్పే ఆ వివరణలే నేటికీ షెల్లీ చరిత్రకారులకు ఆధారం. శాసనాన్ని మీరలేదు, మాటను విడువలేదు. సర్ తిమోతి తొంబది ఏండ్లు బ్రతికి 1844లో మరణించినాడు.

1851 ఫిబ్రవరి 1న, ఏబదిమూడేండ్ల వయస్సులో, మెదడులో కంతి వలన కాబోలు, మేరీ లండనులో కన్నుమూసినది. ఆమె కోరిక మేరకు తల్లిదండ్రుల అవశేషాలను పాంక్రాస్ శ్మశానంనుండి తెప్పించి, బోర్న్‌మత్‌లో ఆమె ప్రక్కనే ఉంచినారు. ఏడాది తరువాత ఆమె వ్రాతబల్ల సొరుగు తెరచినారు. పోయిన బిడ్డల వెంట్రుకలు అందులో భద్రంగా ఉన్నవి. కీట్స్ మరణంపై షెల్లీ వ్రాసిన స్మృతికావ్యంలోని ఒక పుట, దానిలో పట్టుగుడ్డలో చుట్టిన షెల్లీ గుండె అవశేషం, కొంత చితాభస్మం ఉన్నవి. సమాధిపై అక్షరాలు దిద్దిన పిల్ల కడదాకా పోయినవారిని కాగితంలోనే దాచుకొన్నది.

‘కడపటి మనిషి’ 1833లో అమెరికాలో ఒకసారి అచ్చయి, తరువాత 1965 వరకు మరల వెలుగు చూడలేదు. ఆ నడుమ వెల్స్ మొదలుగా ఎందరో లోకాన్ని తోకచుక్కలతో, అంగారకవాసులతో, అణ్వస్త్రాలతో అంతం చేసినారు. 2020లో మహామారి వచ్చి మహానగరాల వీథులు శూన్యమైననాడు, పాఠకులు ఆ పాత పుస్తకాన్ని వెదకి మరల చదివినారు. రోగలక్షణాలకోసం దానిని చదివినవారికి పెద్దగా దొరికినదేమీ లేదు. ఆ రోజులలో ఒంటరి గదులలో కూర్చుండి, పోయినవారి పేర్లు లెక్కపెట్టుకొన్నవారికి మాత్రం అందులో ఒక తోడు దొరికినది. చదివేవారు ఎవ్వరూ లేరని తెలిసి వ్రాసిన లయొనెల్‌కు రెండు వందల ఏండ్ల తరువాత చదువరులు దొరికినారు. ఎవ్వరూ రారనుకొన్న ఊరి గోడమీద పేరు వ్రాసి పోవడం వ్యర్థం కాలేదు.